ప్లాట్‌ఫారం లేని వైపు

రాయగడ స్టేషన్‌లో అసిరయ్య సుత్తి చప్పుడు వినబడితే చాలు, టీ కొట్టు సన్యాసయ్య పంచదార డబ్బా తీసి ఒళ్ళో పెట్టుకునేవాడు. ఒకసారి అందులో సగానికి సగం ఉప్పు కలిపి, మొదటి కప్పు స్టేషన్ మాస్టారి నోట్లోకి వెళ్ళేదాకా బల్ల మీద కూర్చుని ఆకాశం చూశాడు అసిరయ్య. మాస్టారు మింగలేక ఉమ్మలేక నిలబడితే, "ఏటి సార్, సముద్రం గేపకానికొచ్చిందా" అని పరామర్శించాడు కూడా. అలాంటి మనిషిని ఉద్యోగంలో ఎందుకు ఉంచారంటే, ఆయన చెవి కోసం.

ఐదో క్లాసు రెండుసార్లు చదివి, మూడోసారికి ఓపిక లేక మానేసిన అసిరయ్య రైల్వేలో ఖలాసీ. బండి వచ్చి ఆగగానే పొడుగు కర్ర సుత్తి పట్టుకుని, జనం దిగే వైపు కాకుండా ప్లాట్‌ఫారం లేని వైపు కంకర మీదకి దిగుతాడు. ఇంజను దగ్గర మొదలుపెట్టి గార్డు పెట్టె దాకా ఒక్కో చక్రానికి ఒక్కో దెబ్బ వేస్తాడు. మంచి చక్రం గంటలా మోగుతుంది. వెంట్రుకంత బీట ఉన్న చక్రం మోగదు, పగిలిన కుండలా బొద్దుమంటుంది. ఆ తర్వాత ఇరుసు పెట్టె మూత ఎత్తి, నూనె గుడ్డ తడి చూసి, అరచెయ్యి ఆనించి వేడి చూస్తాడు. ఇరవై రెండేళ్ళలో ఏడు పెట్టెలు విప్పించి పక్కన పెట్టించాడు. పై ఆఫీసర్లు అద్దాలు పెట్టి వెతికితే ఏడింటిలోనూ బీట దొరికింది.

ఎనభై మూడు ఫిబ్రవరిలో ఒక బుధవారం, మధ్యాహ్నం డ్యూటీ దిగి క్వార్టర్సుకి వచ్చేసరికి అరుగు మీద జనం ఉన్నారు. నడుమ పీట మీద ఒక టేపు రికార్డరు పెళ్ళికొడుకులా కూర్చుంది. దాని పక్కన సెంటు వాసన వేస్తూ త్రినాథరావు. గుణుపూర్ వైపు వాడు, వరసకి అసిరయ్యకి బావమరిది, మస్కట్‌లో వెల్డరు. నెల్లాళ్ళ సెలవు అయిపోవచ్చింది, ఆదివారం రాయపూర్ మీదుగా బొంబాయి వెళ్ళిపోతాడు. అసిరయ్య మేనల్లుడు మన్మథరావు పని చేసేది కూడా ఆ కంపెనీలోనే.

"బావా, నీ మేనల్లుడు కేసెట్టు పంపేడు. రెండో వైపు మీరు మాటాడి ఇత్తే పట్టుకెల్లిపోతాను. మిసను ఆదివారం దాకా ఇక్కడే ఉంచుతాను," అన్నాడు త్రినాథరావు. చెబుతూనే తన సంచీ మూతి తీసి లోపల చూసుకున్నాడు. ఇంతకు ముందు సెలవుకి వచ్చినప్పుడు అసిరయ్య దాంట్లో బతికున్న ఎండ్రకాయని వేశాడు.

"ఇయ్యాల సెలవిచ్చేనులే, మూసుకో," అన్నాడు అసిరయ్య.

మన్మథరావు తల్లి సింహాచలమ్మ అరుగు చివర చింతపండు పిక్కలు తీస్తోంది. ఆమె అసిరయ్యకి అప్ప. భర్త పోయాక కొడుకుతో తమ్ముడింటికే వచ్చేసింది. అసిరయ్య కూతురు సుమతి మీట నొక్కింది.

"అమ్మా, నాను మన్మథుణ్ణి. బాగున్నాను. తింతన్నాను. మావా, నువ్వూ ఇంటన్నావు కదా. నువ్వన్నట్టే ఏసీ రూమే ఇచ్చేరు. కుర్సీ తిరుగుద్ది. సలికి మద్దేన్నం పూట దుప్పటి కప్పుకుంతన్నాను. స్టోరులో అందరూ సార్ అంతారు…"

"తిరిగే కుర్సీలో కళ్ళు తిరిగి పడిపోకురా మేనేజరూ," అన్నాడు అసిరయ్య టేపు రికార్డరుతో. అరుగంతా నవ్వింది. సుమతి నవ్వలేదు, మీట మీద వేలు తీయలేదు. సింహాచలమ్మ ఒక పిక్కని చాలాసేపు తీసింది.

అప్పుడే అసిరయ్యకి మాట వెనకాల ఇంకో చప్పుడు వినబడింది. కీచు, కీచుమని దగ్గరికొచ్చింది. మన్మథరావు మాట ఆపాడు. కీచుమన్నది పక్కనుంచి వెళ్ళిపోయి, దూరంగా దబ్బున ఏదో పడింది. మళ్ళీ మాట మొదలైంది.

"అమ్మీ, ఎనక్కి తిప్పు."

సుమతి తిప్పింది. రెండోసారి విన్నాడు, మూడోసారి విన్నాడు. ఒంటి చక్రం. ఇరుసులో నూనె చుక్క లేదు. బరువు చాలా ఉంది. చెక్క మీద నడిపిస్తున్నారు. ఏసీ గదిలో తిరిగే కుర్చీ పక్కనుంచి ఒంటి చక్రం బండి మీద బరువు తోసుకెళ్ళేవాడెవడు? నాలుగోసారి చక్రాన్ని వదిలేసి గొంతు విన్నాడు. 'సార్ అంతారు' అన్నచోట ఊపిరి అందలేదు. బరువు దించి వచ్చి మాట్లాడేవాడి ఊపిరి అది. అసలు ఆ గొంతే మోగలేదు.

"ఏటి మావోయ్, పాటలా ఏటి అన్నిసార్లు ఇనడానికి," అన్నారెవరో.

అసిరయ్య వంగి టేపు రికార్డరుకి చెవి ఆనించాడు. అది కూడా ఏదో వేషమే అనుకుని అందరూ మళ్ళీ నవ్వారు.

గురువారం పొద్దున్న డ్యూటీ లేదు. అసిరయ్య సైకిలు తొక్కుకుంటూ పేపర్ మిల్లు కాలనీకి వెళ్ళాడు. త్రినాథరావు అన్నగారింటి పెరట్లో గెడ్డం గీసుకుంటున్నాడు. బావని చూడగానే ముందు నీళ్ళ చెంబు వాసన చూశాడు.

"మన్మథుడు ఏటి పని సేత్తన్నాడు?" అన్నాడు అసిరయ్య.

"టేపులో సెప్పేడు కదా."

"నన్నడిగితే చక్రం సంగతి సెప్తాను. నీకు చక్రం తెల్దు. ఆడేటి తోస్తన్నాడు, సెప్పు."

త్రినాథరావు చేతిలో బ్లేడు అలాగే ఉండిపోయింది. బావ మొహంలో నవ్వు కోసం కాసేపు వెతికాడు. సబ్బు నురగ ఎండుతోంది.

"దిమ్మలు," అన్నాడు చివరికి. "సిమెంటు దిమ్మలు. అచ్చులేసి ఎండబెడతారు. ఆటిని ఒంటి చక్రం బండిలో ఏసి తొయ్యాల. స్టోరు గుమస్తా పనని సెప్పి ఏజెంటు తీసుకెల్లేడు. ఆడ దిగినాక స్టోరు లేదు, గుమస్తా లేడు. టెంపరవరీగా ఇది సెయ్యి అన్నారు. పదినెల్లు అయిపోనాది. బీకాం కాయితం పెట్టి అడుగున ఉండిపోనాది. మద్దేన్నం ఎండకి దిమ్మ ముట్టుకుంటే సెయ్యి ఊడొస్తాది బావా. ఆడి అరచేతులు సూడలేం."

"మరి వచ్చీయొచ్చు కదా."

"వొచ్చే నెలాకరికి ఏడాది గడువు అయిపోతాది. టిక్కట్టు కంపెనీదే. వచ్చీరా అన్నాను. రెండేళ్ళకి మల్లీ సంతకం పెడతానంతన్నాడు."

"ఎందుకు?"

త్రినాథరావు తువ్వాలుతో నురగ తుడిచేసుకున్నాడు. ఒక చెంప గీసి ఉంది, ఒకటి లేదు. "నన్నడగొద్దు."

"అడిగేను. సెప్పు."

"దసరాకి నువ్వొక టేపు పంపేవు గేపకముందా? సూటూ బూటూ యేసుకుని దిగాల, లేపోతే రాయగడ ప్లాట్‌ఫారం మీద కాలెట్టనియ్యను, మహురి బాజా ఆపించీసి ఎనక్కి తోలించెస్తాను అన్నావు. గదిలో పన్నెండుగురం కూకుని ఇన్నాం. అందరం నవ్వీసేం. ఆడూ నవ్వేడు. నవ్వి, లేచి బయటికెల్లిపోనాడు." త్రినాథరావు కిందకి చూశాడు. "ఇంట్లో ఈ మాట అనకు బావా."

అసిరయ్య సైకిలు ఎక్కలేదు. స్టేషన్ దాకా నడిపించుకుంటూ వచ్చాడు.

మన్మథరావు వెళ్ళిన రోజు ఆయన చేసిన ఊరేగింపు స్టేషన్‌లో ఇంకా కథలా చెప్పుకుంటారు. కొరాపుట్ కాలేజీలో బీకాం పూర్తి చేసి, ఏడాదిన్నర పాటు బిస్సమ్ కటక్‌లో ఒక చోట, గుణుపూర్‌లో ఒక చోట మూడేసి నెలల పనులు చేసి, చివరికి విమానం ఎక్కబోతున్న మేనల్లుడు. సంతలో సన్నాయిలాంటి మహురి ఊదేవాళ్ళని, డప్పులవాళ్ళని పిలిపించాడు అసిరయ్య. బంతిపూల దండ మధ్యలో పతకంలా కాకరకాయ కట్టించాడు. అట్టముక్క మీద 'మస్కట్ మేనేజర్' అని సుమతి చేత రాయించి కుర్రాడి మెడలో వేలాడదీశాడు. కూలీలందరి చేతా వరసగా సలాము కొట్టించాడు. బండి కదులుతుంటే మన్మథరావు కిటికీలోంచి, "మావా, ఇంక సాలు," అన్నాడు. అది సంతోషం పట్టలేక అన్న మాటనుకున్నాడు ఆయన.

ఇప్పుడు ఆ మూడు మాటలూ చెవిలో మళ్ళీ కొట్టి చూసుకుంటే, అప్పుడే మోగలేదవి.

ఆ సాయంత్రం వాల్తేరు పాసింజరు వచ్చినప్పుడు ఒకే చక్రాన్ని రెండుసార్లు కొట్టి, పక్కదాన్ని వదిలేశాడు. నాలుగు పెట్టెలు దాటాక గుర్తొచ్చి, సుత్తి భుజాన వేసుకుని వెనక్కి పరిగెత్తాడు. గార్డు జెండా పట్టుకుని, "ఏంటి అసిరయ్యా, ఈ రోజు బండినే ఆటపట్టిస్తున్నావా," అన్నాడు.

శుక్రవారం అందరినీ కూర్చోబెట్టి టేపు నింపుదామన్నారు. సుమతి మీట నొక్కింది. సింహాచలమ్మ, "బాబూ, ఏలకి తిను," అంది. భార్య బుల్లమ్మ ఆవు ఈనిందని చెప్పింది. అసిరయ్య వంతు వచ్చింది. గొంతు సవరించుకున్నాడు.

"మన్మథా, నీకు కష్టంగా ఉంటే వచ్చీరా," అన్నాడు.

చుట్టూ చేరినవాళ్ళు, గోడ అవతలి పక్కింటి వాళ్ళు ఫక్కున నవ్వారు. కష్టమంటే తిరిగే కుర్చీలో కూర్చోవడం అన్నమాట. "ఒరే మన్మథా, మీ మావ ఏడుత్తన్నాడ్రా, దుప్పటి పంపించు," అని ఎవరో టేపులోకి వంగి అరిచారు. అసిరయ్య మళ్ళీ, "కాదర్రా, నిజంగానే సెప్తన్నాను," అన్నాడు. ఆ 'నిజంగానే' అనే మాటతోనే ఆయన ఊళ్ళో సగం మందిని ఏప్రిల్ ఒకటో తారీఖున స్టేషన్‌కి పరిగెత్తించాడు. నవ్వు ఇంకా పెద్దదైంది. సుమతి మీట ఆపేసింది.

టేపు వెనక్కి తిప్పి వింటే, ఆయన మాట వినబడలేదు. నవ్వొక్కటే వినబడింది.

శనివారం మధ్యాహ్నం బుల్లమ్మ సంతకెళ్ళింది. సింహాచలమ్మ చింతపండు బుట్ట ముందేసుకుని కూర్చుంది. అసిరయ్య ఎదురుగా గొంతుక్కూర్చుని తనూ ఒక కాయ తీసుకున్నాడు. పిక్క తీశాడు, పీచు తీశాడు. ఇంకోటి తీసుకున్నాడు. గోనెలోకి పిక్కలు టపటపా పడుతున్నాయి.

"అప్పా," అన్నాడు. "నీకో మాట సెప్పాల. గుండె గట్టి సేసుకో. మన్మథుడు అక్కడ ఏసీలో లేడు."

సింహాచలమ్మ చెయ్యి ఆగలేదు.

"దిమ్మలు మోస్తన్నాడు. ఎండలో. త్రినాథు సెప్పేడు."

"తెల్సు," అందామె.

అసిరయ్య చేతిలో చింతకాయ నలిగిపోయింది.

"నాలుగో నెల్లోనే రాసేడు. సుమతి సదివి ఇనిపించింది. బుల్లమ్మకీ తెల్సు. నెలకో ఉత్తరం వస్తాది. ఆడికి సేతులు పొక్కితే నువ్వుల నూనె రాసుకోమని నానే సెప్పి రాయించేను."

"మరి టేపులో…"

సింహాచలమ్మ అప్పుడు తలెత్తి తమ్ముణ్ణి చూసింది. కోపం లేదు ఆ చూపులో. కోపం ఉంటే ఆయన ఎలాగో తట్టుకునేవాడు.

"ఆ టేపు మాకు కాదురా. నీకు."

వంటింటి గడపలో సుమతి నిలబడి ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో. అసిరయ్య కూతురి వైపు చూశాడు.

"నువ్వూనా, అమ్మీ?"

సుమతి లోపలికెళ్ళి రేకు పెట్టెలోంచి నీలం కాగితాల కట్ట తెచ్చి తండ్రి ముందు పెట్టింది. ఆయన కూడబలుక్కుని చదవగలడు గానీ, అక్షరాలు ఆ పూట నిలబడలేదు. సుమతే ఒకటి తీసి, అడుగున నాలుగు వరసలు మాత్రం చదివింది. "మావకి సెప్పొద్దు. మావ మంచోడే. కానీ నాను దిమ్మలు మోస్తన్నానని తెలిస్తే స్టేషన్లో ఒక కథ కట్టేస్తాడు. ఆ కథ నాకంటే ముందు ఊరంతా తిరుగుద్ది. ఇంక నాను ఏ మొకంతో దిగుతాను."

"నానైతే రమ్మన్నాను," అంది సింహాచలమ్మ. "రెండుసార్లు రాయించేను. మావ ముందర దిగలేనమ్మా, ఇంకో రెండేళ్ళు ఉండిపోతాను అన్నాడు. మరేటి సేత్తాం."

అసిరయ్య పిక్కలన్నీ ఒక పక్కకి, పీచంతా ఒక పక్కకి పేర్చాడు. తర్వాత పిల్లాడిలా అడిగాడు. "అంత ఎకసెక్కంగా మాటాడతానేటప్పా నాను?"

ఆమె బుట్ట దులుపుకుంది. "ఖరగ్‌పూర్ నించి నువ్వు పన్నెండు రోజులకే వచ్చీసేవు. ఆ పొద్దు నానేటైనా నవ్వేనేటి? అన్నం ఎట్టేను. ఇయ్యాల్టి దాకా ఎవలికైనా సెప్పేనేటి?"

అని లేచి నీళ్ళకి వెళ్ళిపోయింది. సుమతి ఉత్తరాలు ఏరి కట్ట కట్టింది. తండ్రి ముందు నుంచి తీస్తూ, ఎందుకో, ఆయన భుజం మీద పడిన చింతపీచు తుడిచింది.

ఆదివారం పొద్దున్న అసిరయ్య టేపు రికార్డరుని తువ్వాల్లో చుట్టి యార్డుకి తీసుకెళ్ళాడు. పక్క లైనులో ఖాళీ గార్డు పెట్టె ఒకటి ఉంది. ఎక్కి, తలుపు దగ్గరగా వేసి, మీట సుమతి చూపించినట్టే నొక్కాడు. శుక్రవారం నాటి నవ్వుల మీదే కొత్త మాటలు పడతాయని ఆ పిల్ల చెప్పింది. కేసెట్టు చక్రాలు తిరుగుతున్నాయి. ఆయన వాటినే చూస్తూ మాట్లాడాడు.

"మన్మథా. నాను మావని. ఇక్కడ ఎవల్లేరు. నవ్వడానికి మనిసి లేడు, అందుకే ఇక్కడికొచ్చేను. నీ పక్కన కూడా ఎవలైనా ఉంటే ఆపీసి, ఒక్కడివే ఉన్నప్పుడు ఇను."

వెంట తెచ్చుకున్న సుత్తిని బల్లకి ఆనించాడు.

"నీ టేపులో బండి కీచుమంది. దానికి నూనె లేదు. నూనె రాయరా, సగం బరువు తగ్గుతాది. అది సెప్పాల. ఇంకోటి సెప్పాల. ఇరవై ఏళ్ళప్పుడు నాను ఖరగ్‌పూర్ వర్కుసాపుకి ఎల్లేను. ఆరు నెల్లు ట్రైనింగు. పన్నెండు రోజులకి పారొచ్చీసేను. నా పనితనం సూసి పెద్ద దొర బయపడిపోయి పంపీసేడని ఊరంతా సెప్పేను. నువ్వూ ఇన్నావు ఆ కథ, సిన్నప్పుడు తెగ నవ్వీవోడివి. అబద్దంరా. మీయమ్మ సేతి అన్నం గేపకానికొచ్చి ఏడిసేను. పనిలో సుత్తి సెయ్యి మీద ఏసుకున్నాను. ఎవలో నవ్వేరు. రైలెక్కీసేను. అంతే. ఆ పొద్దు నించీ ఎవలైనా నన్ను సూసి నవ్వీ ముందు నానే ఆల్లని నవ్వించెయ్యడం నేర్సుకున్నాను."

బయట ఎవరో కంకర మీద నడిచిపోయారు. ఆ అడుగులు దూరమయ్యేదాకా ఆగాడు.

"పన్నెండు రోజులోణ్ణి నాను. నువ్వు పదినెల్లు నిలబడ్డావు. నిన్ను ఎక్కిరించే అరత నాకేటుంది? నువ్వు సంతకం పెట్టకు. వచ్చీరా. నువ్వు దిగే రోజు నాను ప్లాట్‌ఫారం మీద ఉండను. అవతల వైపు చక్రాలు సూసుకుంటాను. నువ్వు ఇటు దిగి, మీయమ్మతో ఇంటికెల్లిపో. నీ ఇస్టమొచ్చినన్నాళ్ళకి నాతో మాటాడు. మాటాడకపోయినా సరే. ఇది వేళాకోలం కాదు. అలగని నీకెలా తెలుస్తాదో మరి, నాకు తెల్దు."

ఇంకా ఏదో చెప్పాలనిపించింది. సుత్తి తీసి, తలుపులోంచి వంగి, గార్డు పెట్టె చక్రాన్ని ఒక్క దెబ్బ కొట్టాడు. అది శుభ్రంగా మోగింది. ఆ మోత సన్నబడి ఆగిపోయేదాకా టేపుని తిరగనిచ్చాడు.

మధ్యాహ్నం రాయపూర్ పాసింజరులో త్రినాథరావు కిటికీ పక్కన సర్దుకున్నాడు. అసిరయ్య తువ్వాలు విప్పి టేపు రికార్డరు, కేసెట్టు అందించాడు. త్రినాథరావు కేసెట్టు డబ్బా తెరిచి చూశాడు. ఊపి చూశాడు. సంచీ అడుగు దాకా చెయ్యి పెట్టి తడిమాడు. ఏమీ లేదు.

"ఏటెట్టేవు బావా?"

"ఏటీ లేదు."

త్రినాథరావు మళ్ళీ తడుముకున్నాడు. బండి కదిలాక కూడా కిటికీలోంచి అనుమానంగా చూస్తూనే ఉన్నాడు. ప్లాట్‌ఫారం మీద సన్యాసయ్య పంచదార డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. రెండు వారాలపాటు అసిరయ్య ఆ డబ్బా వైపు రాకపోయేసరికి, ఒక రోజు టీ గ్లాసు తనే తెచ్చిచ్చి, "ఒంట్లో బాగానే ఉందా," అని అడిగాడు.

మస్కట్ నుంచి టేపు రాలేదు. ఉత్తరం వచ్చింది గానీ, అది తల్లికి. రెండు ముక్కలే. సంతకం పెట్టలేదు, ఫలానా తారీఖున వస్తున్నాను.

ఆ తారీఖున స్టేషన్‌లో కూలీలు, టీ కొట్టువాళ్ళు, మిల్లు కాలనీ నుంచి కొందరు ముందే చేరారు. బాజా ఎక్కడ దాచాడో అని గూడ్స్ షెడ్డు వెనకాల కూడా వెతికారు. సింహాచలమ్మ, సుమతి ప్లాట్‌ఫారం చివర వేపచెట్టు నీడలో నిలబడ్డారు. రాయపూర్ నుంచి వాల్తేరు పాసింజరు గంట ఆలస్యంగా వచ్చింది. అది ఆగకముందే అసిరయ్య సుత్తి తీసుకుని పట్టాలు దాటి అవతలి వైపుకి వెళ్ళిపోయాడు.

ఇంజను దగ్గర మొదలుపెట్టాడు. ఒక దెబ్బ, మోత. ఇంకో దెబ్బ, మోత. మూత ఎత్తడం, గుడ్డ తడి చూడడం, అరచెయ్యి ఆనించడం. పెట్టెల అవతల జనం దిగుతున్న గోల వినబడుతోంది. అందులో ఒక గొంతు కోసం వెతక్కూడదని అనుకున్నాడు. చెవి ఆయన మాట వినలేదు. ఐదో పెట్టె దాకా వచ్చాడు. అప్ప గొంతు వినబడలేదు, కూతురి గొంతు వినబడలేదు. 'దిగలేదు కాబోలు' అనుకుని, ఆరో పెట్టె మొదటి చక్రం మీద సుత్తి ఎత్తాడు.

ఆయన నెత్తి మీద తలుపు తెరుచుకుంది. ప్లాట్‌ఫారం లేని వైపు తలుపు. ముందు ఒక రేకు పెట్టె కంకర మీదకి దిగింది. తర్వాత, ఇనప మెట్లు పట్టుకుంటూ, ఎండకి నల్లగా కాలిపోయిన ఒక మనిషి దిగాడు. మామూలు చొక్కా, రబ్బరు చెప్పులు. మెట్టు కడ్డీని అరచేత్తో కాకుండా వేళ్ళతో మాత్రమే పట్టుకున్నాడు.

అసిరయ్యకి ఎత్తిన సుత్తిని ఎక్కడ దించాలో తెలియలేదు.

మన్మథరావు కంకర మీద నిలదొక్కుకున్నాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. మావ వెనకాల కూడా తొంగి చూశాడు, ఏదో పోగొట్టుకున్నవాడిలా.

"ఏటి మావా," అన్నాడు. "బాజా ఏదీ?"